పడుకునే సీటు

సీటును పూర్తిగా పడుకోబెట్టాలంటే ఏ బటన్ నొక్కాలో మా ఆయన నాకు ఇంట్లోనే నేర్పాడు. సోఫాలో కూర్చోబెట్టి, టీవీ రిమోట్ చేతికిచ్చి, ఇది నడుముకి, ఇది కాళ్ళకి, ఇది మొత్తం మంచమైపోవడానికి అని పాఠం చెప్పాడు. నేను చెప్పినట్టే నొక్కాను. టీవీలో ఛానెళ్ళు మారాయి. తీరా విమానం ఎక్కి చూస్తే అక్కడున్నవి బొమ్మలు వేసిన బటన్లు, చిన్నపిల్లలు కూడా పోల్చుకుంటారు. అయినా ఆయన పక్క సీట్లోంచి వంగి, నా వేలు పట్టుకుని మరీ నొక్కించాడు. సీటు మెల్లగా వెనక్కి వాలి, కాళ్ళ కింద ఇంకొక ముక్క లేచి, చివరికి నిజంగానే మంచమైంది.

ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను.

అమ్మ పోయినప్పటి నుంచి నాకు ఏదీ బాగుండటమూ లేదు, బాగోకపోవటమూ లేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే పెదవి ఎలా మొద్దుబారుతుందో, మొత్తం మనిషిని అలా ఉన్నాను. కాఫీ తాగితే వేడిగా ఉందని తెలుస్తుంది, అంతవరకే. ఎవరైనా జోకు వేస్తే ఇది నవ్వాల్సిన చోటు అని గుర్తుపట్టి నవ్వుతాను. పళ్ళ పోలిక ఎందుకు వచ్చిందంటే నా పనే అది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంలో పళ్ళు ఒక్కొక్కటీ నిలబెట్టి, నోరెప్పుడూ చూడని మనిషికి నవ్వు తయారుచేసి పంపుతాను. రోజంతా బల్ల మీదికి వంగే ఉండాలి. అందుకే నడుము పాడైంది. పొద్దున లేస్తే మంచం పట్టుకుంటే గానీ నిలబడలేను. విమానంలో వెనక సీట్లలో కూర్చుని వెళ్తే, దిగేటప్పుడు నన్ను ఎవరో ఒకరు పట్టి లేపాల్సిందే.

ఒకసారి అలా లేపుతూనే మా ఆయన ఒట్టు పెట్టుకున్నాడు, ఎప్పటికైనా దీన్ని బిజినెస్ క్లాసులో పడుకోబెట్టి యూరప్ తీసుకెళ్తానని. కనిపించిన ప్రతివాళ్ళతోనూ మా ఆవిడను పడుకోబెట్టి తీసుకెళ్తాను అనేవాడు. బావా, ఆ మాట నలుగురిలో అనకు, స్ట్రెచర్ మీద అనుకుంటారు అని మా తమ్ముడు ఏడిపించేవాడు. అమ్మ మాత్రం నిజమే అనుకుని, నేను ఫోన్ చేసినప్పుడల్లా పడుకునే సీటు ఎంతవరకు వచ్చిందే అని అడిగేది. వస్తుందిలే అమ్మా అనేదాన్ని. నాక్కూడా ఆశగానే ఉండేది, లేదని అబద్ధం చెప్పను.

ఆయన లిఫ్టులు బిగించే కంపెనీలో సూపర్వైజరు. నెలలో సగం రోజులు ఏదో ఊళ్ళో, ఇంకా గోడలు లేవని భవనంలో, లిఫ్టు గుంత పక్కన నిలబడి ఉంటాడు. ఊళ్ళో వాళ్ళందరినీ పైకి ఎక్కిస్తాడు, మేం మాత్రం ఇప్పటికీ గ్రౌండ్ ఫ్లోరే. విమానం ఎక్కినప్పుడల్లా దూరాన్ని బట్టి ఖాతాలో మైళ్ళు పడతాయని, అవి తగినన్ని పోగైతే వాటితోనే టికెట్ వస్తుందని తెలిసిన రోజు నుంచి ఆయనకు అదొక పిచ్చి. పెట్రోలైనా, చెప్పులైనా, మందులైనా మైళ్ళిచ్చే ఆ ఒక్క విమాన కంపెనీ కార్డు మీదే కొనాలి. నేరుగా వెళ్ళే విమానం ఉన్నా ఎక్కడు. రెండుచోట్ల దిగి ఎక్కితే దూరం ఎక్కువ, మైళ్ళూ ఎక్కువ. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించే మనిషి. మా తమ్ముడు ఆయనకు మైలురాయి బావ అని పేరు పెట్టాడు. ఆ పేరుకు ఆయన పొంగిపోయాడు కూడా.

పిసినారి అనుకునేరు, కాదు. నా నడుముకు వేడినీళ్ళ సంచి పెట్టకుండా తను పడుకున్న రోజు లేదు.

అమ్మ తమ్ముడి దగ్గర ఉండేది. వాడుండే ఊరికి మాకు విమానమే దిక్కు. ఒక రోజు నేను ల్యాబులో మైనం కరిగిస్తుండగా వాడు ఫోన్ చేశాడు. అమ్మకు బాగోలేదు, నిన్నే అడుగుతోంది, వెంటనే బయల్దేరు అన్నాడు. మా ఆయనకు చెప్పాను. టికెట్లు నేను చూస్తాను, నువ్వు బట్టలు సర్దుకో అన్నాడు. మా ఇంట్లో ప్రయాణాల శాఖ మొత్తం ఆయనదే, నేను ఎప్పుడూ వేలు పెట్టలేదు. నేను ఇల్లు చేరేసరికి టికెట్లు తీసేశాడు. నేరుగా వెళ్ళేదాంట్లో సీట్లు లేవు, రెండుచోట్ల మారాలి అన్నాడు. సీట్లు లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు. ఎక్కాం.

రెండో చోట లాంజ్‌లో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. మెత్తటి కుర్చీలు, సన్నగా సంగీతం. ఖాళీ కడుపుతో ఉంటే నువ్వూ పడిపోతావని ఆయన గిన్నెలో సూప్ తెచ్చిచ్చాడు. తాగుతుండగా మరదలి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది, అమ్మ పోయిందని. గిన్నెలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. అది కూడా తాగేశాను. ఎందుకు తాగానంటే చేతిలో ఉంది గనక తాగాను.

మేం వెళ్ళేసరికి తలుపు తమ్ముడే తీశాడు. వచ్చావా అన్నాడు. అంతే. చిన్నప్పుడు నా జడ కొస పట్టుకుని ఇల్లంతా నా వెంట తిరిగినవాడు, ఆ ఒక్క మాట అని పక్కకు తప్పుకున్నాడు. లోపల అమ్మ నోరు బోసిగా, బుగ్గలు లోపలికి పోయి, ఎవరో వేరే ముసలావిడలా ఉంది. అమ్మ పళ్ళు నేను చేసినవే. గ్లాసులోంచి తీసి, కడిగి, నేనే పెట్టాను. పై వరస, కింద వరస సరిగ్గా కూర్చున్నాయా అని వేలితో నొక్కి చూశాను. కూర్చున్నాయి. అమ్మ మళ్ళీ అమ్మలా అయింది. నాకు ఏడుపు రాలేదు. తమ్ముడు గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. ఇది మనిషేనా అనుకుని ఉంటాడు. నేనూ అదే అనుకున్నాను.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మరదలే ఎత్తేది. స్నానం చేస్తున్నారు వదినా, ఇప్పుడే బయటికెళ్ళారు వదినా. మగవాళ్ళలో అన్నిసార్లు స్నానం చేసేవాడు మా తమ్ముడొక్కడే అయి ఉంటాడు. నాన్న ఎప్పుడో పోయాడు. పుట్టిల్లు అంటూ నాకు మిగిలింది వాడే. ఆలస్యంగా వచ్చానని వాడికి కోపం, అది నాకు తెలుస్తోంది. సీట్లు దొరకలేదురా, నేనేం చెయ్యను అని చెప్పుకుందామంటే ముందు వాడు ఫోన్ దగ్గరికి రావాలి కదా. వాడు మాట్లాడని రోజులు పెరిగేకొద్దీ, అమ్మతోపాటు వాడు కూడా పోయినట్టే అయింది నాకు.

ఇలా ఉండగా మా ఆయన యూరప్ మాట ఎత్తాడు. మైళ్ళు నిండాయి, గడువు దాటితే పోతాయి, నీకూ కాస్త మార్పుగా ఉంటుంది అన్నాడు. నేను వద్దనలేదు. వద్దనాలన్నా లోపల ఏదో ఒకటి అనిపించాలి. ల్యాబు ఓనరు ఎప్పుడూ లేనిది అడగ్గానే సెలవిచ్చాడు. పక్క బల్ల మీద పనిచేసే ఆవిడ, నువ్వు పెట్టి పుట్టావమ్మా అంది. ఇది నవ్వాల్సిన చోటు అనుకుని నవ్వాను.

విమానంలో ఆయన సంబరం చూడాలి. కాలికి తొడుక్కోవడానికి మేజోళ్ళు, పళ్ళ బ్రష్షు, దువ్వెన ఉన్న చిన్న సంచి ఇచ్చారు. అది తీసుకెళ్ళి దాచుకోవచ్చా అని అడిగి ఖాయం చేసుకున్నాడు. వేడి రుమాలు ఇస్తే మొహం, మెడ, చివరికి చేతి గడియారం కూడా తుడుచుకున్నాడు. ఉప్పు, మిరియాలు పోసిన బుల్లి సీసాలను ఫోటో తీశాడు. కడుపులో చల్ల కదలకుండా దిగుతాం చూడు అన్నాడు. ఆయన్ని చూస్తే జాలేసిందో, ముచ్చటేసిందో ఏమో, నాకు తేడా తెలియలేదు.

మా సీట్లు రెండూ మధ్యలో, పక్కపక్కనే. నేను లోపలివైపు, ఆయన నడవ వైపు. నడవకు అవతల కళ్ళద్దాల ఫ్రేముల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. మాట మీద మాట పెరిగి ఆయనదీ మైళ్ళ టికెట్టేనని తేలింది. ఇంకేముంది, ఏనాడో తప్పిపోయిన చుట్టాలు కలుసుకున్నట్టయింది. ఏ కార్డు మంచిది, ఏ ఊళ్ళో దిగితే లాభం, పెళ్ళాన్ని కూడా ఖాతాలో కలపొచ్చా, ఇవే మాటలు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని, ఆ వ్యాపారి మైళ్ళ కోసం ఒక ఊరు వెళ్ళి, ఎయిర్‌పోర్టు కూడా దాటకుండా తిరిగొచ్చాడట. మా ఆయన కళ్ళు మెరిశాయి. నేను సీటును మంచం చేసుకుని, వాళ్ళిచ్చిన నల్లగుడ్డ కళ్ళకు కట్టుకుని పడుకున్నాను. నేను నిద్రపోయాననుకున్నారు.

చివర్లో కాస్త తక్కువ పడితే చాలామంది అక్కడే బోల్తా పడతారు, మీరెలా నింపారని అడిగాడు వ్యాపారి. మా ఆయన గొంతు తగ్గించాడు.

"మా అత్తగారికి బాగోలేదని కబురొస్తే వెళ్ళామండీ. నేరుగా వెళ్ళేది ఉంది, సీట్లూ ఉన్నాయి. కానీ అది వేరే కంపెనీది, ఒక్క మైలు రాదు. మన కంపెనీదాంట్లో రెండుచోట్ల మారాం. ఇద్దరివీ కలిపితే సరిగ్గా సరిపోయాయి."

మంచి పని చేశారన్నాడు వ్యాపారి. తర్వాత, మర్యాద కోసం కాబోలు, అత్తగారికి ఇప్పుడెలా ఉందని అడిగాడు. పోయారండీ అన్నాడు మా ఆయన. అయ్యో అన్నాడు వ్యాపారి. తర్వాత, ఈ చీజ్ తిన్నారా, చాలా బాగుంది అన్న మాట వినిపించింది. ఎవరన్నారో తెలియలేదు.

నల్లగుడ్డ కింద నా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. ఎక్కడో బయల్దేరి ఉంటుంది, ఇంకా చేరలేదు. సీట్లు ఉన్నాయి, సీట్లు ఉన్నాయి అని లోపల అనుకుంటూ పడుకున్నాను. విమానం పిల్ల ఒంగి ఐస్‌క్రీమ్ కావాలా అని అడిగితే లేచి తీసుకున్నాను. తిన్నాను. వ్యాపారి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సినిమాలో పడ్డాక మా ఆయన వైపు తిరిగాను.

"ఆ రోజు నేరుగా వెళ్ళేదాంట్లో సీట్లు ఉన్నాయా?"

ఆయన నోట్లో చెంచా ఉంది. తీసి పక్కన పెట్టాడు. విన్నావా అన్నాడు. అడ్డంగా అబద్ధమాడే రకం కాదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగుతాడు గానీ, కళ్ళు తెరిచాక తాగలేదని అనడు.

"నీకోసమే కదా చేసింది. నీ నడుం బాధ చూడలేక. ఆ ఒక్క ప్రయాణంతో నిండిపోయేవి. రెండు మూడు రోజుల వరకు భయం లేదని డాక్టరు అన్నాడని మీ తమ్ముడే చెప్పాడు నాతో."

వాడు మీతో ఎప్పుడు మాట్లాడాడని అడిగాను. టికెట్లు తీస్తుంటే ఫోన్ చేశాడన్నాడు. మీరేమన్నారని అడిగాను. వస్తున్నామన్నాను, ఇంకేమంటాను అన్నాడు. ఆ మాట నా మొహం చూడకుండా, చిన్న సంచిలో దువ్వెన కోసం వెతుకుతూ అన్నాడు. ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను. ఆయన తలకు దువ్వెనతో పని లేదని నాకు తెలుసు.

బటన్ నొక్కి పడుకున్నాను. నిద్ర పట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇన్నేళ్ళలో అలాంటి నిద్ర ఎరగను. విమానం దిగబోతుంటే వాళ్ళొచ్చి లేపారు.

హోటల్ గది చిన్నది. రెండు మంచాలు దగ్గరగా జరిపి ఒకే దుప్పటి కప్పారు. కిటికీలోంచి చూస్తే తడిసిన వీధి, దాని మీద ట్రామ్ పట్టాలు, ఎదురుగా పాల డబ్బాలు దింపుతున్న మనిషి. యూరప్ అంటే ఇదన్నమాట అనుకున్నాను. పొద్దున టిఫిన్ గది అద్దెలోనే కలిసి ఉందని, తినకపోతే వాళ్ళకే లాభమని మా ఆయన తొందరపెట్టాడు. మీరు వెళ్ళండి, నేను తర్వాత వస్తానన్నాను. ఆయన వెళ్ళాక తమ్ముడికి ఫోన్ చేశాను. మామూలుగానే మరదలు ఎత్తింది. షేవింగ్ చేసుకుంటున్నారు వదినా అంది.

సబ్బు నురగతోనే తీసుకురా, ఒక్క మాట అడిగి పెట్టేస్తాను, ఆ తర్వాత జన్మంతా షేవింగ్ చేసుకోమను అన్నాను. నా గొంతులో ఏం విన్నదో, వెళ్ళి వాడికిచ్చింది.

చెప్పు అన్నాడు వాడు. అక్కా అని కూడా అనలేదు. ఆ రోజు మీ బావ నీతో ఏమన్నారురా అని అడిగాను. ఇప్పుడెందుకదంతా అన్నాడు. చెప్పమన్నాను. వాడు చాలా రోజులుగా దాచుకున్న మంటంతా ఒక్కసారి కక్కాడు. నేరుగా వచ్చేదాంట్లో సీట్లున్నాయని వాడే చూసి, బావకు ఫోన్ చేసి, కావాలంటే డబ్బు నేను కడతాను, అందులో వచ్చేయండి అన్నాడట.

"మీ అక్కే వద్దంటోందిరా, ఈ ఒక్కసారి చుట్టూ తిరిగి వెళ్దామంటోంది, మైళ్ళు నిండుతాయట, అన్నాడు బావ. నీ పేరు చెప్పాక ఇంకేమంటానక్కా నేను?"

కోపంలో అక్కా అని వచ్చేసింది వాడికి. నేను గోడకు ఆనుకున్నాను.

"నేను అనలేదురా. నాకు సీట్లు లేవని చెప్పారు. ఉన్నాయని నిన్న తెలిసింది, విమానంలో. నేనే వద్దన్నానని ఇప్పుడు తెలుస్తోంది, నీ నోట."

అటువైపు కుళాయి కారుతున్న చప్పుడు. ఎవరో కట్టేశారు. అక్కా అన్నాడు వాడు మళ్ళీ. ఈసారి కోపం లేదు. అంతలో తలుపు తీసుకుని మా ఆయన వచ్చాడు. పేపరు రుమాలులో రెండు బన్నులు చుట్టి తెచ్చాడు నాకోసం. కింద జామ్ నాలుగు రకాలుందని చెప్పబోతున్నాడు. నేను ఫోన్ స్పీకర్ మీద పెట్టి మంచం మీద ఉంచాను. ఫోన్లో ఉన్నది మా తమ్ముడు, ఆ రోజు మాట ఎవరిదో వాడికి మీరే చెప్పండి అన్నాను.

ఆయన ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. బన్నుల మూట కింద పెట్టలేదు.

"నేనే అన్నాన్రా. మీ అక్కకు తెలీదు. నేనంటే నువ్వు పోట్లాడతావు, మీ అక్క అందంటే ఊరుకుంటావని దాని పేరు చెప్పాను. తప్పయిపోయింది."

ఫోన్ కట్ అయిందేమోనని ఒంగి చూశాను. వెలుగుతూనే ఉంది.

"నాకు చెప్పి ఏం లాభం బావా," అన్నాడు తమ్ముడు. "అమ్మకు చెప్పాలి."

అమ్మకేమిట్రా అని అడిగాను నేను.

"తను పోయిన రోజు పొద్దున అడిగిందక్కా, పెద్దది ఎంతవరకు వచ్చిందిరా అని. నాకు ఒళ్ళు మండిపోతోంది. అది చుట్టూ తిరిగొస్తోందమ్మా, దానికి నీకన్నా మైళ్ళు ఎక్కువ, అనేశాను."

మా ఆయన మంచం అంచున కూర్చున్నాడు. అమ్మ ఏమందని అడిగాను.

"పోనీలేరా, దాన్ని తిట్టకు, అంది. పాపం దానికి నడుం నొప్పి, ఆ పడుకునే సీటు మీద ఎప్పట్నుంచో ఆశ, మెల్లిగానే రానీ, అంది. తర్వాత ఇంకేం మాట్లాడలేదక్కా."

అక్కడ తమ్ముడు ఏడుస్తున్నాడు. ఇక్కడ మా ఆయన బన్నులు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి. నొప్పి ఉందేమోనని నడుం మీద చెయ్యి వేసి చూసుకున్నాను. పక్కకు వంగి చూశాను, ముందుకు వంగి చూశాను. లేదు. ఆ రోజు ఎంత వెతికినా లేదు.